నేను అన్నాననుకున్న మాట

విచారణకు ఇరవై ఆరు రోజులు. ముల్లు 31.

ఇవాళ నాలుగో గట్టు మీద వలలు బాగుచేసే నూకరాజు మణికట్టు మీది ముల్లు చూడబోతే, అతను నా మణికట్టు చూశాడు.

"అయ్యగారూ, తమరిది ముప్పై ఒకటండి," అన్నాడు.

"తాళ్లవంతెన ఊగింది కదా, దానికి కదిలి ఉంటుంది," అన్నాను.

"వంతెన ఊగితే ముల్లు కదలదని పోయినేడు మా ఆవిడతో మీరే అన్నారు కదండీ. పాపం దాన్ని మూడు రోజులు మాటశాలలో కూచోబెట్టారు కూడానండి, ఆయ్."

నూకరాజు ముల్లు ఎనభై ఎనిమిది. ఆ మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గట్టు అంచున కూచుని, కాళ్లు సముద్రంలో వేలాడేసుకుని, దారినపోయే ప్రతివాళ్లతోనూ కబుర్లాడుతూ వారానికి ఒక్క వల పూర్తిచేస్తాడు. అలాంటివాడికి ఎనభై ఎనిమిది ఎలా వస్తుందో నాకు తొమ్మిదేళ్లుగా అంతుపట్టలేదు. నేను రోజుకి ఆరు గట్లు తిరుగుతాను, కబుర్లాడను. నాకు ముప్పై ఒకటి.

ముల్లు ముప్పై అయిదు కిందికి దిగినవాళ్లు రోజూ ఏం చేశారో పుస్తకంలో రాసి పరిశీలకుడికి అప్పజెప్పాలి. ఈ నిబంధన పెట్టింది నేనే, పెట్టిన రోజున తెగ మురిసిపోయాను. అందుకే రాస్తున్నాను. ఏడు గట్లకూ కలిపి పరిశీలకుణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి చదివి సంతకం పెట్టేది కూడా నేనే. ఇది కొంత ఊరట.

విచారణ రోజున నలభై కన్నా తక్కువ ఉన్న ఉద్యోగి ఉద్యోగం వదులుకోవాలి. ఈ నిబంధన మాత్రం నాది కాదు, పాతది. అప్పట్లో అది ఇరవై. నలభై చేసింది నేను.

విచారణకు ఇరవై అయిదు రోజులు. ముల్లు 30.

పొద్దున్నే లేచి కరెంటిచ్చే ఎండపలకల మీద ఉప్పు తుడిచాను. తుడుస్తూ ఆలోచించాను. లోపం ఎక్కడుంది?

సముద్రం మీద తేలే మా గట్ల మీద నలభై నిండిన ప్రతివాళ్లూ మాటశాలకు వెళ్లి, తమ బతుకు దేనికోసమో ఒక్క వాక్యంలో పైకి చెప్పాలి. దాన్నే బతుకుమాట అంటాం. యంత్రం వింటుంది, పక్కన ఒక సాక్షి వింటారు. ఆ మాట ఎక్కడా రాయకూడదు, ఇంకొకరికి చెప్పకూడదు. సాక్షి అయితే చచ్చినా నోరు విప్పకూడదు, మాట అన్నవాడికి కూడా గుర్తుచెయ్యకూడదు. ఆ తర్వాత మణికట్టుకు చేతిముల్లు కట్టేస్తారు. మనం చేసే పనులు ఆ మాటవైపు వెళ్తే ముల్లు లేస్తుంది, పక్కకి పోతే పడుతుంది.

నా మాట ఇక్కడ రాయకూడదు కాబట్టి దాని గొప్పతనం మాత్రం రాస్తాను. అందులో 'నైతిక' అన్న పదం రెండుసార్లు వస్తుంది. చివర 'ధారపోస్తాను' అని వస్తుంది. మూడు వారాలు సాధన చేశాను. ఆ మూడు వారాలూ మా గట్టు చుట్టుపక్కల చేపలు కూడా ఆ వాక్యం వినలేక దూరంగా తిరిగాయి.

సాక్షిగా మా అక్క భ్రమరాంబ వచ్చింది. ఆ ఏడాదే తుఫానులో మా బావ పోయాడు. గట్లను కట్టిపెట్టే తాళ్లు చూసే గజఈతగాడు ఆయన, తెగిన తాడు కోసం దిగి మళ్లీ పైకి రాలేదు. అక్క అప్పటికి ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు. అలాంటిది నేను వాక్యం పూర్తిచేసేసరికి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. అంత గొప్పగా ఉంది వాక్యం.

మొదటి రెండేళ్లూ నా ముల్లు తొంభై రెండుకి తగ్గలేదు. అది చూసే నన్ను పరిశీలకుణ్ణి చేశారు. ఆ రెండేళ్లలో నేను చేసిన నైతిక కృషి ఏమిటో ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు. పగలు మంచినీటి మరలు తిప్పేవాణ్ణి, రెండు పూటలా అక్క దగ్గర తినేవాణ్ణి. అయినా తొంభై రెండు. లోపల సంకల్పం అంత బలంగా ఉండి ఉంటుంది.

విచారణకు ఇరవై రెండు రోజులు. ముల్లు 33.

లేచింది!

నిన్న పొద్దున మూడో గట్టు మీద 'సత్ప్రవర్తనకు పది మెట్లు' అని ఉపన్యాసం ఇచ్చాను. పదకొండు మంది వచ్చారు, ఏడో మెట్టు దాకా నలుగురు మిగిలారు. మధ్యాహ్నం ఎండపలక మర ఊడిపోతే స్క్రూడ్రైవర్ కోసం అక్క ఇంటికి వెళ్లాను. అది ఇవ్వకుండా కంచం ముందు కూచోబెట్టింది.

"స్క్రూడ్రైవర్ ఎక్కడికీ పోదు. నాచు పచ్చడి చేశాను, రొయ్యలు వేపాను. కూచో."

కూచున్నాను. తనూ వడ్డించుకుంది. తినేటప్పుడు ఏదో చెప్పింది.

"కొండ పడవకి పేరిచ్చాన్రా తమ్ముడూ."

"మంచిది," అన్నాను. నేను అప్పుడు ఎనిమిదో మెట్టును ఇంకా బాగా ఎలా చెప్పొచ్చో ఆలోచిస్తున్నాను.

ఈ పొద్దున చూస్తే ముల్లు మూడు గీతలు పైకి లేచింది. ఉపన్యాసం మహిమ. రేపటి నుంచి రోజుకి రెండు.

విచారణకు పదిహేడు రోజులు. ముల్లు 24.

తొమ్మిది ఉపన్యాసాలు ఇచ్చాను. చివరిదానికి నూకరాజు ఒక్కడే ఉన్నాడు. అదీ నేను అతని వల మీద నిలబడ్డానని లేవలేక.

"మీరు మాట్లాడతా ఉండండి, నేను ముడేసుకుంటా ఉంటాను," అన్నాడు. అయ్యాక, "బాగుందండి. భోంచేశారా?" అని అడిగాడు.

లేదన్నాను. నేను ఆఫీసు క్యాంటీనులో నిలబడి తింటాను, సమయం కలిసొస్తుందని. అతను తన డబ్బాలో సగం తీసి పెట్టబోయాడు. విధి నిర్వహణలో ఉన్న అధికారి అలా తినకూడదని అతనికి పావుగంట వివరించాను. అతని ముల్లు ఎనభై తొమ్మిది అయింది. నాకు ఒళ్లు మండింది.

విచారణకు పద్నాలుగు రోజులు. ముల్లు 29.

మొన్న కడుపు పాడైంది. క్యాంటీను ఎండుచేప నిందితురాలు. నేను మంచం దిగలేదని ఎవరో చెబితే అక్క గిన్నె పట్టుకుని రెండు తాళ్లవంతెనలు దాటుకుని వచ్చింది. చారన్నం కలిపి నాకు పెట్టి, తనూ అక్కడే నేల మీద కూచుని తింది. "ఒక్కదాన్నే ఇంటికి వెళ్లి తినేదేంట్రా, ఇక్కడే కానిచ్చేస్తాను," అంది. నాలుగు పూటలు అలాగే వచ్చింది.

ఇవాళ లేచి చూస్తే ఇరవై తొమ్మిది. విషయం అర్థమైపోయింది. ఒంట్లో కల్మషం పోయింది, మూడు రోజులు దాదాపు ఏమీ తినలేదు. కాబట్టి ముల్లు లేవడానికి కారణం ఉపవాసం.

ఇంత తేలికైన సంగతి తొమ్మిదేళ్లుగా నాకు తట్టలేదంటే ఆశ్చర్యంగా ఉంది.

విచారణకు పదకొండు రోజులు. ముల్లు 22.

ఉపవాసం మూడో రోజు. ఒళ్లు తూలుతోంది. ముల్లు ఎందుకో పడుతోంది. బహుశా మనసులో వంకాయ తలుచుకున్నందుకు.

మధ్యాహ్నం అక్క పిలవడానికి వచ్చింది. "ఒరేయ్, కొండ నుంచి వచ్చిన పడవలో వంకాయలు దొరికాయి. గుత్తి కాయ చేశాను, రా."

ఏడు గట్ల మీద మట్టి లేదు, వంకాయ మేం ఏడాదికి ఒకసారి చూస్తాం. అయినా నేను చలించలేదు. ఉపవాసం గురించి చెప్పాను. ఉపవాసానికీ నైతికతకూ ఉన్న సంబంధం గురించి కూడా చెప్పాను. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"సరేరా. పదకొండు రోజుల్లో వెళ్తన్నాను మరి. ఈలోపల ఒకసారి వస్తావనుకున్నాను."

అప్పుడు నాకు కొండ పడవ సంగతి మొదటిసారి చెవికెక్కింది. గాలి మారితే తొమ్మిది నెలలు ఇటు పడవ రాదు, అటు పడవ పోదు. కొండ మీద విత్తనాల తోటలో పనికి మనుషులు కావాలని ఏటా పిలుస్తారు. వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

నేనేమన్నాను? తమ్ముణ్ణి కదా, ఉండిపొమ్మని అన్నానా? లేదు. "ఇది నీ బతుకుమాటకు సరిపోతుందో లేదో చూసుకున్నావా?" అన్నాను.

"చూసుకున్నాన్రా," అని వెళ్లిపోయింది.

విచారణకు ఎనిమిది రోజులు. ముల్లు 19.

ముల్లు ఇరవై దిగినవాళ్లు వినుడుగదికి వెళ్లి తమ మాట తాము మళ్లీ వినాలి. జీవితంలో ఒక్కసారే వినిపిస్తారు. ఇదివరకు ఇష్టమైనవాళ్లు వెళ్లేవారు. తప్పనిసరి చేసింది ఎవరో ఇక రాయనక్కర్లేదు.

నాకు మళ్లీ వినాల్సిన అవసరం లేదు. ఆ వాక్యాన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా నిబంధన నిబంధన. రేపు వెళ్తాను. వింటే స్ఫూర్తి కలగొచ్చు.

విచారణకు ఏడు రోజులు. ముల్లు 18.

వినుడుగది చూసే హైమవతిగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"ఎవర్ని తీసుకొచ్చారండీ?"

"నన్నే," అన్నాను.

ఆవిడ నవ్వలేదు, అందుకు ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను. కుర్చీ చూపించారు. ఆ కుర్చీకి మెత్త ఉండేది. ముల్లు పడినవాళ్లకి సుఖమెందుకని తీయించాను. కూచుంటే నడుం పట్టేసింది.

ఇక్కడ మాట రాయకూడదు. రాస్తున్నాను. చదివేది నేనే కదా.

మొదట నా దగ్గు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నాలిక తడారిపోయినవాడి చప్పుళ్లు. తర్వాత మెల్లగా అక్క గొంతు, "చెప్పరా." తర్వాత నా గొంతు:

"మా అక్క ఒక్కతే కూచుని అన్నం తినకూడదండి. నేను చూసుకుంటానండి. అంతేనండి."

ఆ తర్వాత ఆవిడ ఏడుపు. అక్కడితో అయిపోయింది.

"ఇది వేరేవాళ్లది," అన్నాను.

"మీదేనండి."

"ఇందులో 'నైతిక' ఎక్కడ?"

"అదేదీ లేదండి. ఇంతే ఉంది."

గదిలో నా గొప్ప వాక్యం మర్చిపోయి ఉంటాను. నోటికి వచ్చింది అనేసి ఉంటాను. బయటికి రాగానే ఆ వాక్యం గుర్తొచ్చి, అదే అన్నాననుకుని, పదకొండేళ్లు దాన్నే మోసుకు తిరిగాను. తొంభై రెండు వచ్చింది నైతిక కృషికి కాదు, రెండు పూటలా అక్క దగ్గర తిన్నందుకు. ఆ తొంభై రెండు చూసి నాకు ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగం చెయ్యడానికి అక్క దగ్గర తినడం మానేశాను. నాకన్నా తెలివితక్కువవాణ్ణి ఈ తొమ్మిదేళ్లలో ఒక్కణ్ణి కూడా పట్టుకోలేకపోయాను, ఎంత వెతికినా.

ముందు, అంత చిన్న మాట అన్నందుకు సిగ్గేసింది. మెట్లు దిగుతుంటే, ఆ చిన్న మాట కూడా నిలబెట్టుకోనందుకు సిగ్గేసింది. కింది మెట్టు మీద కూచుని కాసేపు ఏడ్చాను. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే పరిశీలకుడికి, అంటే నాకే, ఫిర్యాదు చేసి ఉండేవారు.

విచారణకు నాలుగు రోజులు. ముల్లు 32.

రోజూ మూడు పూటలు అక్క దగ్గరే. పొద్దున జావ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్లీ అన్నం. ముల్లు దూసుకుపోతోంది. పద్నాలుగు గీతలు మూడు రోజుల్లో! ఇలా అయితే విచారణ నాటికి నలభై దాటిపోతుంది.

అక్కకి ఆశ్చర్యం తగ్గలేదు. "ఉపవాసం అయిపోయిందా?" అని ఒకసారి అడిగింది. అయిపోయిందన్నాను. ఆవిడ కళ్లలో ఏదో వెలిగింది. ఇల్లు సర్దుతున్నది కాస్తా ఆపి, రాత్రికి ఏం వండమంటావని అడిగింది.

విచారణకు రెండు రోజులు. ముల్లు 38.

చెయ్యకూడని పని చేశాను.

మధ్యాహ్నం తింటున్నాం. రెండు ముద్దలకోసారి మణికట్టు చూసుకోవడం నాకు తెలియకుండానే అలవాటైపోయింది. అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నాతో తింటన్నావా, ముల్లుతో తింటన్నావా?"

అప్పుడైనా నోరు మూసుకుంటే బాగుండేది. మూసుకోలేదు. ఎల్లుండి పడవ గుర్తొచ్చి కంగారుపడ్డాను. కంగారులో మనసులో ఉన్న మంచిమాటలన్నీ పక్కకి తోసుకుని ఒక్క మాట బయటికి వచ్చింది.

"అక్కా, నువ్వు వెళ్లిపోతే నా ముల్లు ఏమైపోవాలి?"

పదకొండేళ్ల కింద గదిలో నోటికొచ్చింది అన్నాను, బాగానే వచ్చింది. ఈసారి నోటికొచ్చింది ఇది.

 అక్క నా కంచంలో ఇంకాస్త పప్పు వేసింది. తన కంచం తీసేసింది. మిగిలింది ఒక్కణ్ణే తిన్నాను. సాయంత్రం వెళ్తే, సామాను మొత్తం మూటలు కట్టేసి ఉంది.

విచారణకు ఒక రోజు. ముల్లు 41.

నిన్నటి పూటలు ఇవాళ లెక్కకొచ్చినట్టున్నాయి. నలభై దాటింది. రేపు పొద్దున ఎనిమిదికి మాటశాలలో చెయ్యి చాపితే చాలు, ఉద్యోగం నాదే. పడవ కూడా ఎనిమిదికే.

ఇవాళ అక్క తలుపు తియ్యలేదు. "తలనొప్పిరా, పడుకుంటాను," అంది లోపల్నుంచి.

నాలుగో గట్టు మీద నూకరాజు పక్కన కూచున్నాను. కాళ్లు నీళ్లలో పెట్టాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి. అతను డబ్బా తీసి సగం పెట్టాడు. ఏమీ వివరించకుండా తిన్నాను.

"నూకరాజూ, నువ్వు ముల్లు ఎప్పుడైనా చూసుకుంటావా?"

"నేనెందుకండీ, దానికి మీరున్నారు కదా," అన్నాడు.

విచారణ రోజు. ముల్లు తెలియదు.

ఏడున్నరకి మాటశాల మెట్ల దాకా వెళ్లాను. ఇస్త్రీ చొక్కాతో, నలభై ఒకటితో. అక్కణ్ణుంచి రేవు కనిపిస్తుంది. పడవ అంచున అక్క ఇటు తిరగకుండా కూచుని ఉంది, మూటల మధ్య. ఒళ్లో డబ్బా విప్పుతోంది. పొద్దున్నే బయలుదేరే హడావిడిలో ఇంట్లో తిని ఉండదు.

ముల్లు విప్పి, విచారణకని వచ్చి మెట్ల మీద నిలబడ్డ హైమవతిగారి చేతిలో పెట్టాను. విచారణకు ముందు ముల్లు విప్పితే ఉద్యోగం పోయినట్టే. ఈ నిబంధన ఎవరు పెట్టారో హైమవతిగారికి తెలుసు, అందుకే ఏమీ అడగలేదు.

"పడవ వెళ్లిపోతుందండీ, పరిగెత్తండి," అన్నారు.

యాభై ఒకటో ఏట తాళ్లవంతెన మీద పరిగెత్తడం చూడముచ్చటగా ఉండదు. నూకరాజు ఈల వేశాడు. పడవవాడు తాడు విప్పుతుండగా దూకాను, సగం నీళ్లలో పడ్డాను, ఎవరో చొక్కా కాలరు పట్టి లాగారు. ఇస్త్రీ పోయింది.

అక్క నన్ను చూసి మొదట నా మణికట్టు చూసింది. ముల్లు ఉన్నచోట తెల్లటి గీత ఉంది.

"ఏరా, ముల్లేదీ?"

"ఇచ్చేశాను."

"విచారణో?"

"అక్కడ జరుగుతూ ఉంటుంది."

 నేను కారుతున్న చొక్కా పిండుకున్నాను. మొన్న అన్నదానికి క్షమించమని అడగాలి. అడిగాను. తల ఊపింది. ఇంకా ఒకటి అడగాలి.

"నేను ఆ రోజు ఏమన్నానో నీకు గుర్తుందా అక్కా?"

"సాక్షి చెప్పకూడదు కదరా."

"నేను మర్చిపోయానని నీకు ఎప్పుడు తెలిసింది?"

"నీకు ఉద్యోగం వచ్చిన నెలకి. కంచం పెట్టుకుని కూచున్నాను, నువ్వు రాలేదు. మర్నాడూ రాలేదు."

"తొమ్మిదేళ్లు! ఒక్కసారి గుర్తుచెయ్యొచ్చుగా!"

"గుర్తుచేసిన సాక్షిని ఏం చెయ్యాలో మూడో గట్టు మీద గంటన్నర మాట్లాడావు. నేను ముందు వరసలో కూచుని విన్నాను," అంది. ఆ తర్వాత, చాలా మామూలుగా, "అయినా అడిగి పెట్టించుకునేది కాదు కదరా అది," అంది.

 ఏడు గట్లూ చిన్నవైపోతున్నాయి వెనక. అక్కడ తొమ్మిది నెలల దాకా నాకు పని లేదు, బహుశా ఆ తర్వాత కూడా లేదు. కొండ మీద విత్తనాల తోటలో పరిశీలకులు అవసరమా అని అడిగితే పడవవాడు నవ్వాడు.

అక్క డబ్బా వైపు చూసి ఇబ్బందిపడింది. "ఒక్క కంచమే తెచ్చానురా," అంది.

ఆ మాట నన్ను ఉద్యోగం పోయినదానికన్నా గట్టిగా కొట్టింది. నా కోసం రెండో కంచం పెట్టుకోవడం ఆవిడ ఎప్పుడు మానేసిందో అడగలేదు. కంచం ఆవిడ ముందుకు జరిపి, నేను డబ్బా మూత తీసుకున్నాను. మూతలో అన్నం పెట్టి చారు పోసింది. మూతకి అంచు లేదు, పడవ ఊగింది, చారు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. అలవాటుకొద్దీ అటు చూశాను. ఆవిడ చూడనే చూసింది.

"ఎంత చూపిస్తోంది?" అంది.

"చారు," అన్నాను.

నవ్వింది. బావ పోయాక అంత పైకి నవ్వడం నేను వినలేదు. చారులో ఉప్పు ఎక్కువైంది. తొందరలో రెండుసార్లు వేసి ఉంటుంది. చెప్పకుండా మూత మళ్లీ చాపాను.